పది పాసవ్వాలంటే పని కూడా రావాలా?

పదో తరగతి సర్టిఫికెట్ చేతికి రావాలంటే లెక్కలు, సైన్సు, భాషలతో పాటు ఏదో ఒక పని కూడా నేర్చుకుని ఉండాలా? మన దేశంలో ఈ ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది. వృత్తి విద్యను బడి చదువులో కలిపెయ్యాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. దాన్ని ఆచరణలోకి దించడానికి 2023లో వచ్చిన జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం, తొమ్మిది, పది తరగతుల్లో ప్రతి విద్యార్థికీ వృత్తి విద్య ఒక సబ్జెక్టుగా ఉండాలంది. ఇష్టమైనవాళ్లు తీసుకునే ఆరో సబ్జెక్టుగా కాకుండా, అందరూ చదివి తీరాల్సిన సబ్జెక్టుగా దాన్ని ఊహించింది. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు ఇప్పటికే ఇలాంటి నియమం పెట్టుకున్నాయి. అరిజోనాలో హైస్కూలు పూర్తి చేయాలంటే లలిత కళల్లో గానీ, వృత్తి సాంకేతిక విద్యలో గానీ ఒక క్రెడిట్ సంపాదించాలి. న్యూజెర్సీలోనూ వృత్తి జీవితానికి సంబంధించిన క్రెడిట్లు లేనిదే హైస్కూలు పూర్తి కాదు.

ఈ ప్రశ్నను జంషెడ్‌పూర్ వైపు నుంచి చూడటానికి కారణం ఉంది. పనివాళ్లను తయారు చేసుకోవడం మీదే నూరేళ్లుగా బతికిన ఊరు అది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వలస వెళ్లిన తెలుగు కుటుంబాలు అక్కడి కద్మా, బిష్టుపూర్, గోల్మురి, టెల్కో పేటల్లో తరాలుగా ఉంటున్నాయి. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం, కద్మాలో ఆంధ్ర అసోసియేషన్ ఆ వలసకు గుర్తులు. పని విలువ తెలిసిన ఆ ఊళ్లో కూడా బడి పనికి దూరంగానే ఉండిపోయింది. ఎందుకో తెలిస్తే ఈ నియమం ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ కూలుతుందో కూడా తెలుస్తుంది. నా అభిప్రాయం ముందే చెప్తాను. వృత్తి విద్య తప్పనిసరి కావాలి. అయితే అది అందరి పిల్లలకూ తప్పనిసరి కావాలి, పిల్లల కంటే ముందు ప్రభుత్వానికీ బడికీ తప్పనిసరి కావాలి. ఈ రెండూ లేకపోతే ఆ నియమం పేద పిల్లల నెత్తిన మరో బరువుగా మిగులుతుంది.

కార్ఖానా పక్కన పుట్టిన చదువు

టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ 1907లో ఏర్పడింది. సాక్చి గ్రామం దగ్గర కట్టిన కార్ఖానాలో 1911లో ఇనుము, 1912లో ఉక్కు తయారయ్యాయి. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. తొలి రోజుల్లో కొలుముల దగ్గర నైపుణ్యం కావాల్సిన పై పనులన్నీ అమెరికా, యూరప్ నుంచి ఒప్పందం మీద వచ్చినవాళ్ల చేతుల్లో ఉండేవి. బరువులు మోసే పని మాత్రం మనవాళ్లది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత కార్ఖానాను భారీగా విస్తరించారు. అంతమందిని విదేశాల నుంచి తెచ్చుకోవడం ఖర్చుతో కూడిన పని. పైగా భారతీయులకు పై పనులు ఇవ్వాలన్న డిమాండు బయట బలపడుతోంది. ఆ అవసరం నుంచి 1921లో జంషెడ్‌పూర్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ పుట్టింది. ఇప్పుడు దాని పేరు షావక్ నానావతి టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్. మొదటి భారతీయ జనరల్ మేనేజరుగా జహంగీర్ గాంధీ కుర్చీ ఎక్కింది 1938లో. కింది నుంచి పై దాకా పని మనవాళ్ల చేతికి రావడానికి అంత కాలం పట్టింది.

తర్వాత ఊరు నిండా శిక్షణ సంస్థలే. 1945లో మొదలైన టెల్కో, అంటే నేటి టాటా మోటార్స్, తన అప్రెంటిస్‌లను తానే తయారు చేసుకుంది. గోల్మురిలో ఆర్.డి. టాటా పేరు మీద సాంకేతిక విద్యా కేంద్రం ఉంది. పక్కనున్న గమ్హరియాలో ఇండో డానిష్ టూల్ రూమ్ ఉంది. 1950లో జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాల, 1960లో ఆదిత్యపూర్‌లో నేటి ఎన్ఐటీ వచ్చాయి. పదో తరగతి తర్వాత ఫిట్టర్, టర్నర్, వెల్డర్, ఎలక్ట్రీషియన్ ట్రేడుల్లో ఐటీఐ చేసి, అప్రెంటిస్ పరీక్ష రాసి, కంపెనీలో పర్మనెంటు కావడం అక్కడి కుటుంబాలకు కళ్ల ముందు కనిపించే దారి. ఉద్యోగుల పిల్లలకు ప్రాధాన్యం కూడా ఉండేది గనుక ఆ దారి మీద నమ్మకం ఎక్కువ.

ఈ సంస్థలన్నీ బడి అయిపోయాక మొదలయ్యేవే. బడి లోపల మాత్రం జంషెడ్‌పూర్ పిల్లలు మిగతా దేశంలోని పిల్లల్లాగే పుస్తకాలు వల్లె వేశారు. కొలిమి దగ్గర పనిచేసిన తండ్రి తన కొడుకు ఆఫీసులో కూర్చోవాలనుకున్నాడు. ఆ కోరికను తప్పు పట్టలేం. వేడిలో, దుమ్ములో పనిచేసినవాడికి ఆ పని కష్టం తెలుసు, ఆఫీసు ఉద్యోగానికి దొరికే గౌరవమూ తెలుసు.

1990ల్లో ఆ పాత దారి కూడా ఇరుకైంది. ఉత్పత్తి పెరుగుతూ వచ్చింది గానీ, దశాబ్దం మొదట్లో డెబ్బై వేలు దాటి ఉన్న టాటా స్టీల్ ఉద్యోగులు దశాబ్దం తిరిగేసరికి యాభై వేల లోపుకు తగ్గారు. ముందస్తు విరమణ పథకాలు వచ్చాయి, కాంట్రాక్టు పని పెరిగింది. 2019లో వాహనాల అమ్మకాలు పడిపోయినప్పుడు టాటా మోటార్స్ కొన్ని రోజుల పాటు పని ఆపింది. దాని మీద ఆధారపడ్డ ఆదిత్యపూర్ చిన్న యూనిట్లు అనేకం మూతబడ్డాయి. అక్కడ ఒకే విడిభాగం తయారీ తప్ప మరోటి నేర్వని పనివాడికి వేరే చోటికి పోయే వీలు లేకపోయింది. బడిలో ఏ రకమైన పని నేర్పాలో ఆలోచించేటప్పుడు ఈ అనుభవాన్ని మర్చిపోకూడదు.

నూట నలభై ఏళ్ల సిఫార్సులు

బడిలో పని నేర్పాలన్న మాట మనకు కొత్త కాదు. 1882 నాటి హంటర్ కమిషన్ హైస్కూల్లో కాలేజీ వైపు ఒక బాట, జీవనోపాధి వైపు మరో బాట వెయ్యాలంది. 1937 అక్టోబరులో వార్ధా సమావేశంలో గాంధీజీ నయీ తాలీమ్‌ను ముందు పెట్టారు. జాకిర్ హుస్సేన్ కమిటీ దానికి పాఠ్య ప్రణాళిక రాసింది. నేటి జార్ఖండ్ అప్పట్లో బీహారులో భాగం. ఆ బీహారులోనే, చంపారన్ జిల్లా బృందావన్ ప్రాంతంలో 1939లో బునియాదీ బడులు మొదలయ్యాయి. చేతిపని పక్కన పాఠం పెట్టడం గాంధీజీ ఉద్దేశం కాదు. చేతిపని లోంచే పాఠం రావాలన్నారు. నూలు వడికేటప్పుడు లెక్కలు, పత్తి గురించి చెప్పేటప్పుడు భూగోళం రావాలన్నది ఆలోచన. కానీ స్తోమత ఉన్నవాళ్లు తమ పిల్లలను ఆ బడులకు పంపలేదు. మిగిలినవాళ్లకు అది పేదవాడి చదువుగా కనిపించింది. రెండు రకాల బడులు పక్కపక్కనే ఉన్నంత కాలం మంచి ఆలోచన కూడా తక్కువ రకం సరుకుగానే లెక్కకొస్తుంది.

1952–53లో మొదలియార్ కమిషన్ బహుళార్థ పాఠశాలలు కావాలంది. 1964–66లో కొఠారి కమిషన్ పని అనుభవం అందరికీ ఉండాలంది. 1977లో ఈశ్వర్‌భాయి పటేల్ కమిటీ సమాజోపయోగ ఉత్పాదక పనిని తెచ్చింది. 1986 విద్యా విధానం లెక్క కూడా చెప్పింది. ఇంటర్ స్థాయి విద్యార్థుల్లో 1990 నాటికి 10 శాతం, 1995 నాటికి 25 శాతం వృత్తి కోర్సుల్లో ఉండాలంది. 1992లో ఆ గడువులను ఐదేళ్ల చొప్పున పొడిగించారు. ఆ లక్ష్యం దరిదాపుల్లోకి కూడా పోలేదు. 19 నుంచి 24 ఏళ్ల మధ్య పనివాళ్లలో పద్ధతి ప్రకారం వృత్తి విద్య అందుకున్నవాళ్లు 5 శాతం కన్నా తక్కువని 2020 విధాన పత్రమే ఒప్పుకుంది. అదే పత్రం జర్మనీకి 75 శాతం, దక్షిణ కొరియాకు 96 శాతం అని రాసింది.

ఇన్ని కమిషన్లు ఒకే మాట చెప్పినా ఎందుకు జరగలేదు? ఈ కోర్సులు చదివినవాడికి ముందుకు పోయే దారి లేకపోవడం మొదటి కారణం. మన తెలుగు రాష్ట్రాల అనుభవం ఇందుకు సాక్ష్యం. ఇంటర్మీడియెట్ వొకేషనల్ చదివినవాళ్లు సైన్సు డిగ్రీ వైపో, ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష వైపో పోవాలంటే విడిగా బ్రిడ్జి కోర్సు రాయాల్సి వచ్చింది. ఎంపీసీ చదివినవాడు తర్వాత పనిలోకి వస్తానంటే ఏ వంతెనా కట్టుకోనక్కర్లేదు. ఈ తేడా తల్లిదండ్రులకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఏ దారిలో తలుపులు తెరిచి ఉంటాయో వాళ్లకు బాగా తెలుసు.

కులం నీడ

రెండో కారణం ఇంకా లోతైనది. 1953లో మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా రాజాజీ గ్రామీణ ప్రాథమిక బడుల్లో కొత్త పద్ధతి తెచ్చారు. పిల్లలు సగం పూట బడిలో చదివి, మిగతా సగం పూట ఇంటి దగ్గర పెద్దల పని నేర్చుకోవాలి. ఆ పథకానికి కులవృత్తి చదువు అన్న పేరు పడింది. చాకలి కొడుకు చాకలిగానే, కుమ్మరి కొడుకు కుమ్మరిగానే మిగలాలా అని జనం నిలదీశారు. 1954లో రాజాజీ దిగిపోయి కామరాజ్ రాగానే ఆ పథకం రద్దయింది.

ఏ పని ఎవరు చెయ్యాలో పుట్టుకే తేల్చిన సమాజంలో, బడి కూడా పిల్లవాడిని పనికి పంపుతానంటే అనుమానం రావడం న్యాయం. జార్ఖండ్‌లో ఆ అనుమానానికి మరో ముఖం ఉంది. కార్ఖానాలకూ గనులకూ భూమి ఇచ్చిన సంథాల్, హో ఆదివాసీ కుటుంబాల పిల్లలు చదివేది ఎక్కువగా ప్రభుత్వ బడుల్లో. వృత్తి విద్య నియమం వాళ్ల బడుల్లోనే గట్టిగా అమలై, పట్నంలోని ఫీజుల బడుల్లో కాగితానికే పరిమితమైతే, కింది పనులకు మనుషులను సరఫరా చేసే ఏర్పాటుకు బడి చట్టబద్ధత ఇచ్చినట్టే అవుతుంది.

అమెరికాలో నూరేళ్ల కిందట జరిగిన వాదన కూడా ఇదే. పరిశ్రమలకు పనివాళ్లను తయారు చేసే విడి బడులు కావాలని విద్యావేత్త డేవిడ్ స్నెడెన్ అన్నాడు. పిల్లలను అలా రెండు వర్గాలుగా విడదీస్తే ప్రజాస్వామ్యం మిగలదనీ, పని అందరి చదువులోనూ భాగం కావాలనీ తత్వవేత్త జాన్ డ్యూయీ వాదించాడు. 1917 స్మిత్–హ్యూస్ చట్టంతో విడిబాటే గెలిచింది. తర్వాత దశాబ్దాల పాటు నల్లజాతి పిల్లలనూ, పేద పిల్లలనూ వృత్తి తరగతుల్లోకి తోసిన నింద ఆ దేశపు బడుల మీద ఉంది.

బయటి దేశాల్లో ఏం తేలింది

పరిశోధనలు ఒకే వైపు మొగ్గవు. 1965లో ఫిలిప్ ఫాస్టర్ ఘానాను చూసి ఒక మాట అన్నాడు. బడిలో వృత్తి పాఠం పెట్టినంత మాత్రాన పిల్లల ఆశలు మారవనీ, బయట ఏ ఉద్యోగానికి జీతమూ గౌరవమూ ఉన్నాయో చూసే వాళ్లు చదువు ఎంచుకుంటారనీ అతని వాదన. 1985లో సకరోపులోస్, లాక్స్‌లీ కొలంబియా, టాంజానియాల బహుళార్థ బడులను పరిశీలించి, వాటికైన అదనపు ఖర్చుకు తగ్గ లాభం కనిపించలేదన్నారు.

ఇటీవలి అమెరికా పరిశోధనలు మరో సంగతి చెప్తున్నాయి. ఆర్కన్సా రాష్ట్రంలో ఒకే రంగంలో మూడు, నాలుగు వృత్తి కోర్సులు వరుసగా చదివిన పిల్లలు హైస్కూలు పూర్తి చేసే అవకాశం మిగతావాళ్ల కంటే 21 శాతం పాయింట్లు ఎక్కువని షాన్ డోహర్టీ 2016లో తేల్చాడు. కనెక్టికట్‌లోని 16 సాంకేతిక హైస్కూళ్లలో చదివిన అబ్బాయిల సంపాదన తోటివాళ్ల కంటే దాదాపు మూడో వంతు ఎక్కువగా ఉంది. అమ్మాయిల విషయంలో మాత్రం అలాంటి తేడా కనిపించలేదు. రెండు సంగతులు గమనించాలి. ఫలితం వచ్చింది ఒకే రంగంలో పద్ధతిగా చదివినచోట, పనిముట్లూ ఉపాధ్యాయులూ ఉన్నచోట. అది అబ్బాయిలకూ అమ్మాయిలకూ ఒకేలా రాలేదు.

జర్మనీని అందరూ ఉదాహరణగా చూపిస్తారు. అక్కడ వారంలో కొన్ని రోజులు కంపెనీలో, కొన్ని రోజులు వృత్తి బడిలో గడిపే పద్ధతికి 1969 చట్టం అండగా ఉంది. అయితే ఆ దేశంలో చాలా రాష్ట్రాలు పిల్లలను పదేళ్ల వయసులోనే వేర్వేరు బడులకు విడదీస్తాయి. అది మనం తెచ్చుకోకూడని భాగం. 2017లో ఆర్థికవేత్తలు హనుషేక్, వోస్‌మన్ మరి ఇద్దరితో కలిసి 11 దేశాల సమాచారం చూశారు. వృత్తి విద్య చదివినవాళ్లకు మొదట్లో ఉద్యోగం తొందరగా దొరుకుతుందనీ, వయసు మీదపడి సాంకేతికత మారేసరికి సాధారణ విద్య చదివినవాళ్లే నిలదొక్కుకుంటారనీ తేల్చారు. దక్షిణ కొరియాలో బడి అయ్యాక ఎక్కువమంది యూనివర్సిటీ వైపే పోతున్న దశలో 2010లో పని నేర్పే మైస్టర్ హైస్కూళ్లు తెరిచారు. ముందు ఉద్యోగం, తర్వాత కావాలంటే కాలేజీ అన్న దారిని ప్రభుత్వమే తెరిచి ఉంచింది.

వీటన్నిటినీ కలిపి చూస్తే నాకు తేలేది ఇది. పదిహేనేళ్లకే ఒక్క ట్రేడుకు కట్టిపడేసే చదువు దీర్ఘకాలంలో నష్టం. ఎవరికీ పనికిరాని తూతూమంత్రపు పాఠం డబ్బు దండగ. సామాన్య చదువును బలంగా ఉంచి, దానితో పాటు శ్రద్ధగా నేర్పే పని మాత్రమే మేలు చేస్తుంది.

ఇప్పటి బడి లోపల

మన దగ్గర తప్పనిసరి పని ఇప్పటికే ఒక రూపంలో ఉంది. జంషెడ్‌పూర్‌లో ఐసీఎస్ఈ బడులు ఎక్కువ. ఆ బోర్డు సర్టిఫికెట్ కావాలంటే సమాజోపయోగ ఉత్పాదక పనిలో గ్రేడు రావాలి. ఆ గ్రేడు వేసేది బడే. అందువల్ల చాలాచోట్ల అది ఏడాది చివర ఇంట్లో చేయించి తెచ్చే ఒక బొమ్మ, ఒక ఫైలు స్థాయికి దిగిపోయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పని, కంప్యూటర్ విద్య సహపాఠ్య అంశంగా రిజిస్టరుకెక్కినప్పుడూ ఇదే జరిగింది. సీబీఎస్ఈ మరో పద్ధతి పెట్టింది. పదో తరగతిలో సైన్సు, లెక్కలు, సాంఘికాల్లో ఒకటి తప్పితే, ఆరో సబ్జెక్టుగా తీసుకున్న నైపుణ్య సబ్జెక్టు పాసై ఉంటే దాన్ని బదులుగా లెక్కలోకి తీసుకుంటారు. పిల్లవాడికి ఇది ఊరట, నిజమే. కానీ ఆ ఊరటతో పాటు, పని అనేది లెక్కలు రానివాడి కోసం అన్న సందేశం కూడా పోతోంది.

ప్రభుత్వ బడుల్లో 2018 నుంచి సమగ్ర శిక్ష కింద తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల దాకా వృత్తి కోర్సులు నడుస్తున్నాయి. జార్ఖండ్‌లోనూ ఉన్నాయి. చాలా రాష్ట్రాల్లో ఈ పాఠాలు చెప్పే శిక్షకులను ప్రైవేటు సంస్థల ద్వారా కాంట్రాక్టు మీద తీసుకుంటారు. లెక్కల మాస్టారు బడిలో పర్మనెంటు, పని నేర్పే మాస్టారు ఏడాదికేడాది రెన్యువల్ కోసం ఎదురుచూసే మనిషి. పని విలువ గురించి పిల్లలు నేర్చుకునే మొదటి పాఠం స్టాఫ్ రూములో కనిపించే ఆ తేడానే. అమ్మాయిలకు కుట్టుపని, బ్యూటీ కోర్సులు, అబ్బాయిలకు ఆటోమొబైల్ అన్న పంపకం కూడా దాదాపు అలవాటుగా సాగిపోతోంది. జార్ఖండ్‌లోనే ఉన్న నోవాముండి ఇనుప గనుల్లో 2019 నుంచి ఆడవాళ్లు అన్ని షిఫ్టుల్లో పనిచేస్తున్నారు. గనికి పట్టని ఆడ మగ తేడా బడిని ఎందుకు పట్టుకోవాలి?

తెలంగాణలో 2024లో 65 ఐటీఐలను 2,324 కోట్ల రూపాయల అంచనాతో టాటా టెక్నాలజీస్ భాగస్వామ్యంలో ఆధునిక కేంద్రాలుగా మార్చే పని మొదలైంది. మంచి పనే. కానీ అది బడి తర్వాతి మెట్టు. ఆ యంత్రాలు పక్క హైస్కూలు పిల్లలకు వారానికి ఒక పూట తెరుచుకుంటేనే మన ప్రశ్నకు అక్కడ జవాబు మొదలవుతుంది.

ఏవి తప్పనిసరి కావాలి

మొదటిది, నియమం అన్ని బోర్డులకూ ఒక్కటే కావాలి. జార్ఖండ్ అకడమిక్ కౌన్సిల్ పిల్లవాడికి ఉన్న షరతే ఐసీఎస్ఈ, సీబీఎస్ఈ పిల్లవాడికీ ఉండాలి.

రెండోది, పదో తరగతి దాకా ట్రేడు సర్టిఫికెట్ ఇవ్వకూడదు. 2023 పాఠ్య ప్రణాళిక చట్రం పనిని మూడు రకాలుగా చూపింది. మొక్కలు, పశువుల్లాంటి ప్రాణమున్న వాటితో పని, యంత్రాలూ పదార్థాలతో పని, మనుషులకు సేవ చేసే పని. ప్రతి పిల్లా, పిల్లవాడూ ఈ మూడింటినీ తాకాలి. ఆరో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ తెచ్చిన కౌశల్ బోధ్ పుస్తకం కూడా ఈ మూడింటి మీదే నడుస్తుంది. జంషెడ్‌పూర్ పిల్లవాడు లేతు మిషన్ దగ్గర కొలత తీయడంతో పాటు నారు పొయ్యడం, రోగికి రక్తపోటు చూడటం కూడా నేర్వాలి. అప్పుడు కులమూ, తండ్రి ఉద్యోగమూ గీసిన గీత చెరుగుతుంది.

మూడోది, పని నేర్పే ఉపాధ్యాయుడికి మిగతావాళ్లతో సమానమైన కొలువు. జంషెడ్‌పూర్‌లో విరమణ చేసిన ఫోర్‌మన్లు, ఫిట్టర్లు ఎందరో ఉన్నారు. డిగ్రీ లేదన్న ఒక్క కారణంతో వాళ్లను బడి గడప బయట నిలబెట్టకూడదు. బోధనలో చిన్న శిక్షణ ఇచ్చి, సరైన జీతంతో తీసుకోవాలి.

నాలుగోది, వర్క్‌షాపు. ప్రతి బడికీ ఒకటి కట్టలేం. పది బడులకు ఒకటి కట్టొచ్చు, ఐటీఐలను వంతుల వారీగా వాడుకోవచ్చు. భద్రత విషయంలో రాజీ పనికిరాదు. బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ ప్రకారం 14 నుంచి 18 ఏళ్లవాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. వృత్తి విద్య పేరుతో పిల్లలు యూనిట్లలో చౌక కూలీలు కాకుండా చూసే బాధ్యత కార్మిక శాఖది, విద్యా శాఖది కూడా.

ఐదోది, పైచదువు దారి. 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ చట్రం వృత్తి విద్యకూ మామూలు చదువుకూ ఒకే రకం క్రెడిట్లు ఇవ్వాలంటోంది. అది మాటల్లో మిగలకుండా యూనివర్సిటీలు బ్రిడ్జి కోర్సు అడగడం మానాలి.

ఆరోది అన్నిటికన్నా ముఖ్యం. ఉపాధ్యాయుడూ, పనిముట్లూ లేని బడిలో చదివిన పిల్లవాడి సర్టిఫికెట్‌ను ఈ సబ్జెక్టు పేరుతో ఆపకూడదు. ఆపాల్సింది ఆ బడి గుర్తింపు. అది ప్రభుత్వ బడి అయితే జవాబు చెప్పాల్సింది ప్రభుత్వం.

ఈ షరతులతో నియమం పెడితే నేను దాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. ఒకటే కోరతాను. మొదటి ఏడాది దీన్ని ఊళ్లోకెల్లా ఎక్కువ ఫీజు తీసుకునే బడుల్లో అమలు చెయ్యండి. చదువుకున్న, పలుకుబడి ఉన్న తల్లిదండ్రుల పిల్లలు పాసవ్వడానికి ఒక సబ్జెక్టు అడ్డం వచ్చిన రోజున దానికి మంచి ఉపాధ్యాయుడు వస్తాడు, ల్యాబు వస్తుంది, కాలేజీ సీట్లలో లెక్క వస్తుంది. అదంతా సమకూరిన సబ్జెక్టు తర్వాత జంషెడ్‌పూర్ శివారు పరసూడీలోని ప్రభుత్వ హైస్కూలుకు వచ్చినప్పుడు, అక్కడి పిల్లలకు అది శిక్షగా రాదు, హక్కుగా వస్తుంది.